ముఖానికి సరిపడా

దర్శిని అమర్చిన రోజున భానోజీకి మొట్టమొదట కనిపించింది ప్రయోగశాల కిటికీ. "నలుచదరంగా ఏదో తెల్లగా ఉంది. కిటికీయేనేటి?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అతని భార్య హైమవతి కొట్టలేదు. ఆమె తన ముందున్న తెరమీద చుక్కలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూసుకుంటోంది.

అప్పటికి ప్రమాదం జరిగి ఆరు నెలలు కావస్తోంది. భానోజీకి విశాఖపట్నం చేపలరేవు దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఒక ఆదివారం కూతురు ఇందుజ తానూ వస్తానని వెంటపడితే తీసుకెళ్ళాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంజన్ గది తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తూ కబుర్లు చెబుతోంది. గదిలో ఇంధనం ఆవిరి పేరుకుపోయిన సంగతి భానోజీ గమనించలేదు. స్విచ్చి వేయగానే గది మొత్తం భగ్గుమంది. పిల్లని ఎత్తుకుని బయటికి దూకింది అతనే. కానీ అప్పటికే అతని రెండు కళ్ళూ పోయాయి. పిల్లకి ఎడమవైపు నుదుటి దగ్గర్నుంచి మెడదాకా కాలిపోయింది.

తండ్రి ఒక ఆస్పత్రిలో, కూతురు మరో ఆస్పత్రిలో. హైమవతి ఆ రెండింటి మధ్యా తిరిగింది. ఒక్కసారి కూడా ఏడవలేదు. గుండె నిబ్బరం గల మనిషని చుట్టాలు మెచ్చుకున్నారు. అది నిబ్బరం కాదని ఆమెకి తెలుసు. ఏడుపు రావలసిన చోట ఏమీ లేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు అప్పుడప్పుడు ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుని చూసుకునేది. ఏమీ తెలిసేది కాదు.

కృత్రిమ దృష్టి మీద పనిచేసే ఆ ప్రయోగశాలలో ఆమె ప్రమాదానికి ముందునుంచే ఉంది. కళ్ళజోడులో కెమెరా, నడుముకి చిన్న పెట్టె, తల వెనక ఎముక కింద మెదడు మీద అతికించిన పలక. పలక చుక్కలు చుక్కలుగా వెలిగితే మనిషికి వెలుగు బొమ్మ తోస్తుంది. దానికి దర్శిని అని పేరు పెట్టారు. భర్తకే దాన్ని అమర్చవలసి వస్తుందని ఆమె అనుకోలేదు. అనుకోవడం మొదలుపెట్టాక ఇంకేదీ అనుకోలేదు.

"నువ్వెక్కడే హైమా?" అన్నాడు భానోజీ కిటికీ చూశాక. ఇద్దరూ పాలిటెక్నిక్‌లో కలిసి చదువుకున్నవాళ్ళు. పెళ్ళయినా ఆ పిలుపులు మారలేదు.

"నీ ఎదురుగానే ఉన్నాను."

"గింజంత మరక ఉంది. అదేనా నువ్వు?"

"ఆగు" అంది ఆమె. పలక వెలిగించగలిగే చుక్కలు కొన్ని వేలే. కెమెరా బొమ్మలో లక్షలుంటాయి. అంతటినీ ఒకేలా కుదించేస్తే మొహం మరకైపోతుంది. అందుకని ఆమె బొమ్మమీద మాస్క్ పరిచింది. మాస్క్ అంటే నలుపు తెలుపుల పొర. తెల్లగా ఉన్నచోట పెద్దదిగా ఉంచు, నల్లగా ఉన్నచోట కుదించెయ్యి అని పెట్టెకి చెప్పే పొర. తన మొహమ్మీదకి తెలుపుని జరిపి, సరిపడా సాగదీసింది.

"ఇప్పుడూ?"

భానోజీ ముందుకి వంగాడు. "చిక్కిపోయావే" అన్నాడు.

ఆ మాస్కుల పనే హైమవతి పని. మనిషి దగ్గరికొస్తే తెలుపు పెరగాలి, దూరమైతే తగ్గాలి, తల తిప్పితే దాంతోపాటు తిరగాలి. బొమ్మ ఒక కొలతలోనూ మాస్క్ మరో కొలతలోనూ ఉంటే చెవి గోడలో కలిసిపోతుంది, గోడ చెంపమీదకి పాకుతుంది. అంత చేసినా కదిలే మొహం కెమెరాకి వణుకుతూనే అందుతుంది. అందుకని ఇంటిమనుషుల ఫొటోలు ముందే పెట్టెలో దాచేవారు. ఇంట్లోవాళ్ళు మెడలో చిన్న బిళ్ళ వేసుకుంటారు. బిళ్ళ దగ్గరికి రాగానే ఎవరొచ్చారో పెట్టె గుర్తుపట్టి, తెలుపు భాగంలో కెమెరా బొమ్మకి బదులు దాచిన ఫొటోని ఆ కొలతకి సరిచేసి కూర్చోబెడుతుంది. చూసేవాడికి అవి ఫొటోలని తెలియదు, తనవాళ్ళ మొహాలు నిలకడగా, స్పష్టంగా కనిపిస్తాయి. ఏటా కొత్త ఫొటోలు మార్చాలన్నది నియమం.

ఇందుజ ఆస్పత్రి నుంచి వచ్చేనాటికి మొహానికి బిగుతుగా ఒక గుడ్డ తొడుగు వేసి పంపారు. కొత్త చర్మం గడ్డలు కట్టకుండా పగలూ రాత్రీ ఉండాలన్నారు. కళ్ళకీ ముక్కుకీ నోటికీ మాత్రం కన్నాలు. పిల్ల గుమ్మంలోకి రాగానే భానోజీ లేచి నిలబడ్డాడు.

"పాపేనా? మొహం లేదేటే దానికి?" అన్నాడు.

పెట్టెకి ఆ తొడుగులో మొహం దొరకలేదు. హైమవతి పక్కగదిలోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. కిందటేడు పుట్టినరోజున తీసిన ఫొటో ఒకటి ఉంది. రెండు జడలు, ముందుపన్ను ఊడిన నవ్వు. దాన్ని పెట్టెలోకి ఎక్కించి, ఒక బిళ్ళని గొలుసుకి గుచ్చి తెచ్చి పిల్ల మెడలో వేసింది.

భానోజీ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. "హమ్మయ్య" అన్నాడు. "మెడ దగ్గరేదో కాలిందన్నారు. మొహానికేం కాలేదు. అదృష్టం. మొహానికేటన్నా అయ్యుంటే నేను బతికేవోణ్ణి కాదు."

హైమవతి ఇందుజ వైపు చూసింది. తొడుగు కన్నాల్లోంచి పిల్ల కళ్ళు తండ్రినే చూస్తున్నాయి.

తర్వాత వంటింట్లో పిల్ల మెల్లగా అడిగింది. "అమ్మా, నాన్నకి నా పాత మొహం కనిపిస్తోందా?"

"కొన్నాళ్ళేనమ్మా. ఆపరేషన్లు అన్నీ అయ్యాక కొత్త ఫొటో పెడతాను."

"అప్పుడు నాన్న ఏడుస్తారా?"

హైమవతి కూర కలుపుతూ ఉండిపోయింది.

"అయితే ఇదే ఉంచమ్మా" అంది ఇందుజ. "బాగుంది. నాన్న నన్ను చూసి నవ్వుతున్నారు."

ఆపరేషన్లు ఒకదాని వెనక ఒకటి అయ్యాయి. తొడుగు తీసేశారు. తర్వాత చేయగలిగింది పెద్దగా లేదని డాక్టరు చెప్పిన రోజున హైమవతి ఆ మాట విని, మందుల షాపులో లేపనం కొని, ఆటో ఎక్కింది. ఫొటో మార్చే సంగతి మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వచ్చేపోయే చుట్టాలకీ షెడ్డు పనివాళ్ళకీ హైమవతి ముందుగానే ఫోన్ చేసి చెప్పేది, పాప మొహం గురించి ఆయన దగ్గర ఏమీ అనొద్దని. భానోజీ చెయ్యి చాపి చెంప తడమబోతే, చర్మం ఇంకా నొప్పిగా ఉంది నాన్నా అని ఇందుజ వెనక్కి జరిగేది. అతను ఆ చేతినే తల మీద పెట్టి ఊరుకునేవాడు. షెడ్డుకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. చూపు బాగా ఆనకపోయినా ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. పనివాళ్ళతో, మా పాప మొహానికేం కాలేదురా అనడం హైమవతి చాలాసార్లు విన్నది.

బడిలో పిల్లలు ఏమంటున్నారో ఇందుజ ఎప్పుడూ చెప్పలేదు. బడి నుంచి రాగానే సంచి పడేసి తండ్రికి ఎదురుగా వచ్చి కూర్చునేది. ఏమీ మాట్లాడకపోయినా కాసేపు అలా కూర్చుని, అతను తనని చూసి నవ్వాక లేచి వెళ్ళేది.

ఇబ్బంది పిల్ల ఎదగడంతో వచ్చింది. తల పెద్దదవుతోంది. మాస్క్ దానంతటదే పెరుగుతోంది. లోపల ఫొటో మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లది. కుదించిన బొమ్మలో పోయిన చుక్కలు పోయినట్టే. చిన్న బొమ్మని సాగదీస్తే మధ్యలో ఉండవలసిన చుక్కల్ని పెట్టె ఊహించి నింపుతుంది. ఊహ ఎక్కువయ్యేకొద్దీ మొహం అలుక్కుపోతుంది.

"మంచులోంచి వచ్చినట్టు ఉంటాదేటే పాప?" అన్నాడు భానోజీ ఒకరోజు అన్నం తింటూ. "నీ మొహం బాగానే తెలుస్తాది. దాని మొహమే తేలిపోతాది. పన్ను కూడా ఇంకా రాలేదేటి దానికి?"

ఇందుజ నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని తల్లి వైపు చూసింది.

"పెట్టెలో ఏదో తేడా ఉంది. చూస్తాను" అంది హైమవతి.

చూసింది. పన్ను గీసింది. గడ్డాన్ని కొంచెం కిందికి లాగింది. బుగ్గలు తగ్గించింది. నుదురుకీ కళ్ళకీ మధ్య దూరం వయసుని బట్టి సవరించింది. ఏ వయసుకి ఎముక ఎంత పెరుగుతుందో పట్టికల్లో దొరుకుతుంది. ఆ మొహం ఎలా ఉండాలో మాత్రం పట్టికలో ఉండదు. అందుకని తన చిన్నప్పటి ఫొటోలు ముందు పెట్టుకుంది. ఏటా ఒకసారి ఆ పని చేసేది. మాస్క్ అంచులు మెడ దగ్గర జుట్టులో కలిసేలా మెత్తబరిచేది. పని చేస్తున్నంతసేపూ చెయ్యి తిన్నగా ఉండేది. లోపలేదైనా కదులుతుందేమోనని చూసుకునేది. కదిలేది కాదు. మిగతా పనుల్లాగే ఇదీ ఒక పని.

"పోనుపోను అచ్చం నీలాగే తయారవుతోందే" అన్నాడు భానోజీ ఒకసారి. సంతోషంగానే అన్నాడు.

ఇందుజ ఇంటర్‌లో చేరిన ఏడు, పలకని మరిన్ని చుక్కలు వెలిగించేలా నడిపే కొత్త పెట్టె సిద్ధమైంది. మొహంలో ముడతలు కూడా తెలుస్తాయి దాంతో. ముందుగా భానోజీకే ఇవ్వాలని ప్రయోగశాలలో తీర్మానించారు. పాత ఫొటోలన్నీ కొత్త కొలతలకి మార్చే పని హైమవతితో పాటు ఫిరోజ్ చూస్తున్నాడు. ఆమె కంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. సంగతంతా అక్కడ అతనికొక్కడికే తెలుసు.

"మేడమ్, ఇది ఆగదు" అన్నాడు ఇందుజ ఫొటోని తెరమీద పెంచి చూపిస్తూ. కొత్త కొలతలో కళ్ళ చుట్టూ అంచులు మెట్లు మెట్లుగా విరిగాయి. గీసిన పన్ను గీసినట్టే తెలిసిపోతోంది. "రెండే దారులున్నాయి. అసలు ఫొటో పెట్టడం. లేదంటే మొత్తం కొత్తగా పుట్టించడం."

"పుట్టించు" అంది హైమవతి.

ఫిరోజ్ కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు. పాత ఫొటో, హైమవతి ఫొటోలు, భానోజీ ఫొటోలు యంత్రానికిచ్చాడు. కొంతసేపటికి తెరమీద నలుగురు అమ్మాయిలు వచ్చారు. అందరికీ పదిహేడేళ్ళుంటాయి. అందరూ ఇందుజలాగే ఉన్నారు, ఒకరిలాగ ఒకరు లేరు. హైమవతి కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కరినీ పెద్దది చేసి చూడసాగింది. రెండో అమ్మాయి ముక్కు బాగుంది. నాలుగో అమ్మాయి నవ్వు భానోజీ నవ్వులా ఉంది.

కాలేజీ నుంచి వస్తూ తల్లిని కలుపుకుని ఇంటికి వెళ్ళడం ఇందుజకి అలవాటు. ఆ రోజు ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు.

"వీళ్ళెవరమ్మా?" అంది.

ఫిరోజ్ తెర ఆర్పబోయాడు. ఇందుజ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ముందుకి వంగి నలుగుర్నీ తీరిగ్గా చూసింది.

"కొత్త పెట్టెకి పాత ఫొటో సరిపోవట్లేదు" అంది హైమవతి. "అందుకని..."

"వీళ్ళలో నేనెవర్ని?"

హైమవతి పెద్దది చేసిన బొమ్మని మళ్ళీ చిన్నది చేసింది.

"ఏ అమ్మాయిని పెడతావో చెప్పమ్మా. నాకూ తెలియాలి కదా."

"నువ్వే కదా ఉంచమన్నావు" అంది హైమవతి. అన్నాక, ఆ మాట తొమ్మిదేళ్ళ పిల్ల అన్నదని గుర్తొచ్చింది.

"అవును. నేనే అన్నాను" అంది ఇందుజ. ఆమె గొంతులో కోపం లేదు. "అప్పుడు అది నా ఫొటోయే. నాన్న నన్ను చూసి నవ్వుతున్నారని సంబరంగా ఉండేది. తర్వాత్తర్వాత నేను ఎదురుగా కూర్చుంటే నా పక్కన ఇంకెవరో కూర్చున్నట్టు ఉండేది. నాన్న ఆ అమ్మాయితో మాట్లాడతారు. నేను జవాబు చెబుతాను. పోన్లే, ఆ అమ్మాయి కూడా ఒకప్పటి నేనే కదా అనుకునేదాన్ని. వీళ్ళయితే అసలు పుట్టనేలేదు."

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇందుజ కిటికీవైపు, ఎడమ చెంప అద్దానికి ఆనించి కూర్చుంది. ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. హైమవతి ఎదుటి సీటు మీద కంపెనీ పేరు చదువుకుంటూ వచ్చింది.

కొత్త పెట్టె బిగించిన మర్నాడు సెలవు. హైమవతి నాలుగో అమ్మాయినే ఎంచుకుంది. భానోజీ పొద్దున్నుంచీ ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్క వస్తువునీ పలకరిస్తున్నాడు. గోడమీద పెచ్చులూడటం చూశాడు. క్యాలెండర్‌లో అంకెలు చదివాడు. హైమవతి నెత్తిమీద తెల్లవెంట్రుకలు చూసి నవ్వాడు. ఇందుజ గదిలోంచి ఇంకా రాలేదు.

హైమవతి కాఫీ తీసుకుని ముందుగదిలోకి వస్తూ, గుమ్మం దగ్గర బల్లమీద గొలుసు చూసింది. గొలుసూ దానికి బిళ్ళా. చేతిలో గ్లాసుతో అలాగే నిలబడింది.

ఇందుజ తండ్రికి ఎదురుగా, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడటం లేదు.

భానోజీ ఆమె వైపు మొహం తిప్పాడు. కాసేపు చూశాడు. కొత్తవాళ్ళ ముందు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చున్నాడు.

"ఎవరమ్మా?" అన్నాడు మర్యాదగా. "పాప కోసం వచ్చావా? లోపలుంది, పిలుస్తాను." తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "నీకూ నిప్పు ప్రమాదమేనేటి తల్లీ? మా పాపకీ అయిందిలే చిన్నప్పుడు. దేవుడి దయవల్ల మొహానికేం కాలేదు" అన్నాడు.

ఇందుజ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నేనే నాన్నా" అంది.

భానోజీకి ఆ గొంతు తెలుసు. ఆ గొంతు వచ్చిన చోటు చూశాడు. పక్కకి చూశాడు. మళ్ళీ ఆ చోటే చూశాడు.

"హైమా" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను" అంది హైమవతి గుమ్మంలోంచి.

"ఈ పెట్టెలో తేడా ఉంది."

"లేదు. పెట్టె బాగానే ఉంది."

అతను చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత రెండు చేతులతో కళ్ళజోడు తీసి, జాగ్రత్తగా మడిచి, పక్కన బల్లమీద పెట్టాడు. ఇందుజ ఆ కళ్ళజోడు వైపు చూసింది. లేచి, తను కూర్చున్న కుర్చీని ఎప్పటిలాగే గోడకి జరిపి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు భానోజీ కళ్ళజోడు ముట్టుకోలేదు. షెడ్డుకి వెళ్ళలేదు. గోడలు తడుముకుంటూ ఇంట్లోనే తిరిగాడు. ఎవరినీ తిట్టలేదు. ఎన్నేళ్ళుగా, అని ఒకసారి అడిగాడు. మొదట్నుంచీ, అంది హైమవతి. ఇందుజ కాలేజీకి వెళ్ళేది, వచ్చేది. కాళ్ళు కడుక్కుని నేరుగా గదిలోకి పోయేది. ముగ్గురూ ఒకేచోట కూర్చుని అన్నం తినేవారు. కంచాల చప్పుడు వినిపించేది.

హైమవతి ప్రయోగశాలలో ఇందుజ పేరున ఉన్న ఫొటోలన్నీ తీసేసింది. పుట్టినరోజు ఫొటో, ఏటేటా సాగదీసినవి, నాలుగో అమ్మాయి. తీసేసేముందు నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అవునంది. ఫిరోజ్ టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

ఒక సాయంత్రం ఇందుజ కాలేజీ నుంచి వచ్చేసరికి భానోజీ ముందుగదిలో కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీ వేసి ఉంది.

"కూర్చోవే" అన్నాడు.

ఇందుజ సంచి దించకుండానే కూర్చుంది. వంటింటి గుమ్మంలోంచి హైమవతికి కూతురి వీపూ జడా, భర్త మొహమూ కనిపిస్తున్నాయి.

"నేను ఏడిస్తే ఏమనుకోకు" అన్నాడు భానోజీ. "ఏడుపు ఆగాక చూస్తాను."

"సరే నాన్నా."

అతను ఏడ్చాడు. ఇందుజ కదలకుండా కూర్చుంది. ఏడుపు ఆగాక అతను చూడటం మొదలుపెట్టాడు. విప్పిన ఇంజన్‌ని చూసినట్టు, ఒక పక్కనుంచి మొదలుపెట్టి, తొందర లేకుండా చూశాడు. ఆ కన్ను మూతపడుతుందా అని అడిగాడు. పూర్తిగా పడదు నాన్నా, పడుకునేటప్పుడు చుక్కలు వేసుకుంటాను, అంది. చెవి వినిపిస్తుందా అన్నాడు. వినిపిస్తుంది, తమ్మె లేదంతే, అంది. నవ్వితే లాగుతుందా అన్నాడు. కొంచెం లాగుతుంది, అంది. ఏదీ నవ్వు, అన్నాడు. నవ్వు రావట్లేదు నాన్నా, అంది.

మర్నాడూ కూర్చున్నారు. ఆ మర్నాడూ కూర్చున్నారు. ఒకరోజు ఇందుజ తనంతట తానే అతని చెయ్యి తీసుకుని చెంపమీద పెట్టుకుంది. హైమవతి స్టవ్ మీద పాలు పొంగకుండా చూసుకుంటూ, వాళ్ళ మాటలు వింటూ నిలబడింది. తను అనుభవించవలసినదేదో పక్కింట్లో జరుగుతున్నట్టుగా ఉంది ఆమెకి.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇందుజ చదువుకోవడానికి గదిలోకి వెళ్ళింది. హైమవతి కంచాలు తీస్తోంది.

"హైమా, ఒకటి చెప్పు" అన్నాడు భానోజీ. "అంతా పట్టుకున్నాను గానీ కన్ను పైన ఒకచోట అందట్లేదు. నల్లగా ఏదో ఉన్నట్టే ఉంటాది, నీడేమో తెలీదు. పాపకి ఎడం కనుబొమ ఉందా?"

హైమవతి చెప్పబోయి ఆగింది. కనుబొమ. పుట్టినరోజు ఫొటోలో ఉంది, పల్చగా, చివర కొంచెం కిందికి వంగి. ఏటా దాన్ని కొంచెం ముదురు చేసేది. నాలుగో అమ్మాయికి ఒత్తుగా ఉంది. ఆమె వాటిని దాటి ఇవతలికి రావాలని చూసింది. పొద్దున్న జడ వేసింది తనే. రోజూ లేపనం గిన్నెలోకి తీసి ఇచ్చేది తనే. బస్సులో పక్కన కూర్చున్నది తనే.

"హైమా?"

"నాకు తెలీదు" అంది హైమవతి.

ఆమె కంచాలు బల్లమీదే వదిలేసి, చేతులు కడుక్కోకుండానే ఇందుజ గదికి వెళ్ళింది. ఇందుజ పుస్తకం మీదకి వంగి ఏదో రాసుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఏంటమ్మా?" అంది.

హైమవతి గోడ దగ్గరికి వెళ్ళి పెద్ద లైటు వేసింది.

"ఒకసారి ఇటు తిరుగు" అంది.

ఇందుజ కలం మూసి పక్కన పెట్టింది. కుర్చీలోనే తల్లివైపు తిరిగి, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.